చెల్లె, సైకిల్ ముచ్చట చెప్తా విను

బస్సు ఫ్రీ అయినంక కూడ నీకు ఆ సైకిల్ ఎందుకక్కా అని అడిగినవ్ కదా చెల్లె, ఈసారి ముచ్చట్లు దాని మీదనే పెట్టుకుందాం. అది నీ ఒక్కదాని అనుమానం కాదు. మన మహమ్మద్ నగర్ల బస్సు కోసం నిలబడ్డ ఆడోళ్ళల్ల సగం మంది నన్ను అదే అడుగుతరు.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల మన ఆడోళ్ళకు టికెట్ పైసలు లేవు. అది చిన్న సంగతి కాదు. కామారెడ్డి కలెక్టరేట్‌కు పోవాలన్నా, హైదరాబాద్ దవాఖానకు అమ్మను తీస్కపోవాలన్నా నేను కూడ జీరో టికెట్ మీదనే పోతా. గానీ బస్సుకు దాని దారి ఉన్నది, దాని టైం ఉన్నది. బాన్సువాడల సాయంత్రం పని కొంచెం లేటయితే ఇంకో బస్సు దాక ఎదురుచూడాలె. పొద్దున దిగినంక కూడ ఆఫీసు దాక, బ్యాంకు దాక, కూరగాయల మార్కెట్ దాక నడకనో ఆటోనో ఉండనే ఉంటది. సైకిల్ మీదైతే మా ఇంటి గడప నుంచి పని గడప దాక ఎవ్వరినీ అడిగే పని లేదు. ఎప్పుడు బయల్దేరాలె, ఎక్కడ ఆగాలె, ఏ దారిల తిరిగి రావాలె అన్నది నా చేతుల ఉంటది. ఆడదాని బతుకుల ఈ మూడు ఎన్నిసార్లు వేరేటోళ్ళ చేతుల ఉంటయో నీకు చెప్పాల్సిన పని లేదు.

నాది టూరింగ్ సైకిల్. పేరు వినంగనే దేశాలు తిరిగేటోళ్ళ సామాను అనుకుంటరు. నిజమే, దూరం పోయేటోళ్ళ కోసం తయారైన రకమే ఇది. అమెరికాల ట్రెక్ కంపెనీ 520 అనే టూరింగ్ మోడల్‌ను 1983ల మొదలుపెట్టింది, దశాబ్దాల పాటు అదే పేరుతో అమ్మింది. సర్లీ అనే ఇంకో కంపెనీది డిస్క్ ట్రక్కర్, డిస్క్ బ్రేకుల టూరింగ్ సైకిళ్ళల్ల బాగ పేరున్నది. ఇసొంటివి మన దేశానికి వచ్చేసరికి లక్ష దాటుతయి, స్కూటీ ధర పలుకుతయి. అవే కొనాలని నేను చెప్తలేను. ఆ రకం సైకిల్‌ల ఏమేం ఉంటయో తెలుసుకుంటే, తక్కువ ధర దాంట్ల కూడ వాటినే వెతుక్కోవచ్చు.

టూరింగ్ సైకిల్ ఫ్రేము ఎక్కువగ స్టీలుది. గతుకులు పడ్డప్పుడు అదురు కొంత అదే మింగుతది, విరిగినా వెల్డింగ్ చేసేటోడు ఎక్కడైనా దొరుకుతడు. వెనక చక్రం సీటుకు కొంచెం దూరంగ ఉంటది, అందుకని క్యారియర్‌కు సంచి తగిలిస్తే తొక్కేటప్పుడు మడమ దానికి తాకదు. క్యారియర్‌కు, మడ్గార్డుకు బోల్టులు పెట్టే రంధ్రాలు ఫ్రేముకే ఉంటయి. టైర్లు మరీ సన్నం కావు, 35 నుంచి 40 మిల్లీమీటర్లు, ఇంకా వెడల్పువి కూడ పడుతయి. గేర్లు బాగ తేలికవి ఉంటయి. మన దిక్కు పెద్ద గుట్టలు లేవు కదా, గేర్లు ఎందుకంటవేమో. ఎదురుగాలిల ఒక్కసారి కాలువ కట్ట మీద తొక్కితే తెలుస్తది. టిఫిన్ డబ్బా, ఫైళ్ళు, రెయిన్‌కోటు, వచ్చేటప్పుడు రెండు కిలోల ఉల్లిగడ్డలు, పాల ప్యాకెట్లు, ఇవన్ని ఏసుకొని ఎదురుగాలిల తొక్కే ఆడదానికి, హిమాలయాలల్ల గుడారం ఏసుకొని తొక్కేటోనికి కావాల్సిన గేరు ఒక్కటే. బరువు మొయ్యాలె, వానకు ఓర్వాలె, పాడైన రోడ్డు మీద నడుము విరగొద్దు. యాత్రలకు పోయేటోళ్ళ అవసరం, రోజూ పనికి పోయే మన అవసరం ఇక్కడ కలుస్తయి.

ఇగ బ్రేకుల సంగతి. అన్నిటికంటే ఎక్కువ నాకు దీని గురించే చెప్పబుద్ధి అయితది.

మనం ఉన్నది నిజాంసాగర్ కింద. అచ్చంపేట దగ్గర మంజీర మీద 1923ల మొదలై 1931ల పూర్తయిన ఆనకట్ట అది, నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టించిన పని. దాని కాలువ నీళ్ళతోనే మన దిక్కు పొలాలు పచ్చగయినయి. అయితే పొలం పచ్చగ ఉన్న కాడ రోడ్డు మురికిగ ఉంటది. వానాకాలం నాట్లప్పుడు చూడు, ట్రాక్టర్లు కేజ్ వీల్స్‌తోని బురద పొలంల నుంచి నేరుగ తారు రోడ్డెక్కుతయి. రోడ్డు నిండ నల్ల రేగడి గడ్డలు. దాని మీద నాలుగు చినుకులు పడితే జారుడు. పాత రకం బ్రేకుల రబ్బర్లు చక్రం రిమ్మును పట్టుకొని ఆపుతయి కదా. రిమ్ము నేలకు దగ్గర, బురదంత దానికే అంటుతది. వానల బ్రేకు పట్టుకుంటే ముందు రిమ్ము మీది నీళ్ళను తుడవాలె, తర్వాత పట్టాలె. ఆ తుడిచే సేపు సైకిల్ ముందుకే పోతుంటది. రేగడిల ఉండే ఇసుక రబ్బర్ల ఇరుక్కుంటే, పచ్చడి రోట్లె ఇసుక పడ్డట్టు, పట్టుకున్న ప్రతిసారి రిమ్మును గీరుకుంటనే ఉంటది. కొన్నేండ్లకు రిమ్ము పలచబడి చక్రమే మార్చాల్సి వస్తది.

డిస్క్ బ్రేకుల సంగతి వేరే. చక్రం నడుమ ఉన్న హబ్బుకు చిన్న స్టీలు ప్లేటు బిగిస్తరు. నా సైకిల్‌కు 160 మిల్లీమీటర్లది ఉన్నది, ఎక్కువ సైకిళ్ళకు అదే ఉంటది. ఆ ప్లేటును రెండు దిక్కుల నుంచి ప్యాడ్లు పట్టుకుంటయి. నేలకు దూరంగ ఉంటది కాబట్టి బురద తక్కువ తాకుతది. ప్లేటుకు ఉన్న రంధ్రాలల్ల నుంచి నీళ్ళు పోతయి. స్పోకు తెగి రిమ్ము కొంచెం అవుటయినా బ్రేకు మాత్రం పట్టుతది, ఎందుకంటే రిమ్ముతోని దానికి పని లేదు. మెల్లగ ఇంటికి చేరొచ్చు. వానల కూడ ఎండల పట్టినట్టే దాదాపు పట్టుతది. నాకు కావాల్సింది అదే. వేగంగ పోవాలని నాకు ఆశ లేదు. కావాలనుకున్న జాగల ఆగాలె.

ఇది ఊరికే చెప్పే మాట కాదు, లెక్క చూడు. గంటకు 20 కిలోమీటర్ల మీద పోతే సెకనుకు ఐదున్నర మీటర్లు పోతవ్. గొర్రె అడ్డమొచ్చింది, నువ్వు చూసి చేతివేళ్ళు బ్రేకు మీదికి పోయేసరికి ఒక సెకను. అప్పటికే ఐదున్నర మీటర్లు అయిపోయినయి, బ్రేకు ఇంకా మొదలే కాలేదు. ఆ తర్వాత తడిసిన రిమ్మును తుడుచుకుంట కూసునే టైం ఎక్కడిది? పైగ వేగం రెండింతలయితే ఆపాల్సిన శక్తి నాలుగింతలయితది. వెనక క్యారియర్ మీద సంచి ఉంటే ఇంకింత ఎక్కువ.

బ్రేకు కొట్టంగనే మన బరువు ముందుకు పోతది, అందుకని ఆపే పని ఎక్కువగ ముందు బ్రేకే చేస్తది. ముందు బ్రేకు పట్టుకుంటే బొర్ల పడుతమని చిన్నప్పుడు అందరు భయపెట్టిన్రు మనల్ని. ఒక్కసారి గట్టిగ గుంజితే పడుతం, నిజమే. మెల్లగ మొదలుపెట్టి బిగించుకుంట పోతే, నడుము కొంచెం వెనక్కి జరుపుకుంటే ఏం కాదు. ఇంకో సంగతి చూసుకోవాలె. మన దేశంల అమ్మే సైకిళ్ళకు కుడి చేతి బ్రేకు ముందు చక్రానికి ఉంటది, మోటర్ సైకిల్ లెక్కనే. అమెరికా నుంచి వచ్చిన వాటికి ఎడమ చేతిది ముందుది ఉంటది. కొన్న రోజే దుకాణంల ఏది ఏ చక్రానిదో పట్టి చూడు. అలవాటుకు తగ్గట్టు మార్పించుకో.

చేతులు చిన్నగ ఉన్న మన ఆడోళ్ళకు ఒక ఉపాయం చెప్తా. చానా బ్రేకు లివర్లకు ఒక చిన్న స్క్రూ ఉంటది. దాన్ని తిప్పితే లివర్ హ్యాండిల్‌కు దగ్గరికి వస్తది. మగోళ్ళ వేళ్ళ పొడుగుకు పెట్టి అమ్ముతరు కాబట్టి మనకు అందీ అందక, బ్రేకు మంచిగ లేదనుకుంటం. దుకాణాలల్ల ఈ మాట అడిగితే తప్ప చెప్పరు. అడుగు. రెండు వేళ్ళతోని బ్రేకు పట్టేటట్టు చేయించుకో, తక్కిన వేళ్ళు హ్యాండిల్‌ను వదలకుండ పట్టుకొని ఉండాలె.

డిస్క్ బ్రేకులల్ల రెండు రకాలున్నయి. ఒకటి వైరుతోని పని చేసేది, ఇంకోటి సన్నటి పైపుల నూనెతోని పని చేసే హైడ్రాలిక్. హైడ్రాలిక్‌ది చేతికి మెత్తగ ఉంటది, బలంగ ఆపుతది. గానీ నూనె కారినా, పైపుల గాలి చేరినా మన దిక్కు దాన్ని బాగుచేసే సామాను దొరకదు. వైరుది అయితే నాకు నేనే బిగించుకోవచ్చు. అందుకని మహమ్మద్ నగర్ల ఉండేదానికి వైరు బ్రేకే మంచిదని నా మాట. టూరింగ్ చేసేటోళ్ళల్ల కూడ చానా మంది ఇదే ఇష్టపడుతరు, ఊరు కాని ఊర్ల తెగితే ఒక వైరుతోని పని అయిపోతది. టీఆర్‌పీ స్పైర్ అనే రకంల రెండు దిక్కుల ప్యాడ్లు కలిసి జరుగుతయి. ఏవిడ్ బీబీ7ల ఒక ప్యాడే జరుగుతది గానీ రెండింటినీ చేత్తోని తిప్పి సరిచేసుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగ విను. ఇప్పుడు పిల్లల సైకిళ్ళకు, తక్కువ ధర సైకిళ్ళకు కూడ డిస్క్ బ్రేకులు పెట్టి అమ్ముతున్నరు. ప్లేటు మెరుస్తది, పిల్లలు దానికే ఆశపడుతరు. పలచటి ప్లేటు, నాసి వైరు, ప్యాడ్లను పట్టుకునే క్యాలిపర్‌ను తిప్పి సరిచేసే వీలు లేకుంటే అది మంచి రబ్బరు బ్రేకు కంటే అధ్వాన్నం. డిస్క్ అన్న పేరు చూసి పైసలు పెట్టకు. చక్రాన్ని పైకి లేపి తిప్పు, ప్లేటు రాసుకోకుండ తిరగాలె. లివర్ హ్యాండిల్‌కు తాకే దాక గుంజు, తాకక ముందే చక్రం ఆగాలె. ప్యాడ్లు విడిగ ఎక్కడ దొరుకుతయో దుకాణాయనను అడుగు. ఆయన దగ్గర జవాబు లేకుంటే ఆ సైకిల్ మనకొద్దు.

కొత్త ప్యాడ్లు పెట్టంగనే పూర్తిగ పట్టవు. ఖాళీ రోడ్డు మీద కొంచెం వేగం తీసుకొని, చక్రం జామ్ కాకుండ, పూర్తిగ ఆగకుండ మెల్లగ నెమ్మదించాలె. అట్ల చానాసార్లు చేస్తే ప్యాడు పొర ప్లేటుకు సమంగ అంటి, అప్పుడు గట్టిగ పట్టుడు మొదలయితది. ప్యాడ్లల్ల రెసిన్‌వి చప్పుడు చెయ్యవు, మెత్తగ పట్టుతయి, గానీ మన రేగడిల తొందరగ అరుగుతయి. మెటల్‌వి ఎక్కువ కాలం వస్తయి, వానల నయం, చప్పుడు ఎక్కువ. కొన్ని ప్లేట్ల మీద రెసిన్ ప్యాడే వాడాలని రాసి ఉంటది, వాటికి మెటల్‌వి పెడితే ప్లేటు అరిగిపోతది. కొనేటప్పుడే ప్లేటు మీద ఏం రాసి ఉన్నదో చదువు.

ఇంకోటి, మన ఇండ్లల్ల కిర్రుమన్న ప్రతిదానికి కొబ్బరి నూనె పోస్తం. తలుపు కీలుకు, కుట్టు మిషన్‌కు, ఫ్యాన్‌కు. డిస్క్ బ్రేకు వానల కీచుమంటది, అది మామూలే, ఎండితే పోతది. ఆ చప్పుడుకు ఎవ్వరినీ నూనె పొయ్యనియ్యకు. ఒక్క చుక్క ప్యాడుకు తాకితే బ్రేకు పోయినట్టే, ఆ ప్యాడు పారేసుడే చానాసార్లు. చైన్‌కు నూనె పెట్టేటప్పుడు కూడ స్ప్రే వద్దు, చుక్క చుక్క ఏసి బట్టతోని తుడువు. తలకు నూనె పెట్టుకున్న చేతులతోని ప్లేటును ముట్టకు. దుమ్ము పట్టితే మందుల దుకాణంల దొరికే స్పిరిట్ తెల్ల బట్టకు పెట్టి తుడిస్తే చాలు. బాగ తొక్కి ఆగినంక ప్లేటు కాలుతది, పిల్లలను ముట్టనియ్యకు.

మన ఊరి సైకిల్ దుకాణాయన పంక్చర్ ఏస్తడు, స్పోకులు బిగిస్తడు, అవుటు తీస్తడు. ఆయన చేతి పని మీద నాకు గౌరవం ఉన్నది. డిస్క్ ప్యాడ్లు మాత్రం ఆయన పెట్టెల ఉండవు. అందుకని ఒక జత ప్యాడ్లు, ఒక బ్రేకు వైరు, ట్యూబు, ఎల్లన్ కీలు నా సంచిలనే ఉంటయి. వంకర తిరిగిన హ్యాండిల్ ఉన్న సైకిల్ అయితే వైరు కొన వేరే రకం ఉంటది, మామూలు సైకిల్ వైరు దాంట్ల పట్టదు. ఇవి హైదరాబాద్ నుంచి తెప్పించి పెట్టుకున్నవే. నాలుగు పనులు చేతికి నేర్పిన, ఇప్పుడు ప్యాడ్లు మార్చుడు నాకు కూరగాయలు కోసినంత సేపు పట్టదు. ముందు చక్రానికి పానా లేకుండ ఊడదీసే క్విక్ రిలీజ్ ఉంటే పొద్దున బయల్దేరే ముందు అది గట్టిగ ఉన్నదో లేదో చూసుకో. డిస్క్ బ్రేకు పట్టినప్పుడు ఆ బలం వదులు చక్రాన్ని ఫోర్కుల నుంచి బయటికి తోస్తది. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

రోడ్డు మీద మన దిక్కుకే ఉన్న ఒక గండం వడ్లు. వానాకాలం పంట కోతలైనంక, మళ్ళ యాసంగి కోతలప్పుడు ఏప్రిల్, మే నెలలల్ల, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు. గాలికి పోకుండ టార్పాలిన్ కప్పి, చుట్టు బండరాళ్ళు పెడుతరు. పగటిపూట కనబడుతయి. చీకటిల నల్ల టార్పాలిన్, నల్ల రాయి, నల్ల రోడ్డు ఒక్క తీరుగనే ఉంటయి. వడ్ల గింజల మీద బ్రేకు కొట్టితే ఎంత మంచి డిస్క్ అయినా పని చెయ్యదు, ఎందుకంటే టైరుకు నేల దొరకదు. బ్రేకు చక్రాన్ని ఆపుతది, సైకిల్‌ను ఆపాల్సింది టైరు, రోడ్డు. గింజలు మొదలయ్యేకంటే ముందే వేగం తగ్గించు, గింజల మీద హ్యాండిల్ తిప్పకు, బ్రేకు ముట్టకు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేకుండ సాయంత్రం బయల్దేరకు. హెల్మెట్ మోటర్ సైకిలోళ్ళకే అనుకోకు.

రైతు మీద నాకు కోపం లేదు. నేను కూడ ఆ వడ్ల అన్నమే తింట. ఆయనకు ఆరబోసే జాగ లేదు, తేమ ఎక్కువ ఉంటే కొనుగోలు కేంద్రంల తూకం కాదు. కల్లాలు కట్టిస్తే రోడ్డు రోడ్డుకు ఉంటది. ఉపాధి హామీ కింద మన రాష్ట్రంల కొన్ని కట్టిన్రు, అవి చాలవు. గ్రామసభల ఆడోళ్ళం పోయి కల్లం అడిగితే అది రైతుకు మేలు, బడికి పోయే పిల్లలకు మేలు. 2025 ఆగస్టు చివరి వానలకు మన కామారెడ్డి జిల్లాల రోడ్లు కోసుకపోయి ఎంత గోస అయిందో మరిచిపోలేదు. కల్లాలు, రోడ్డు అంచులు, కల్వర్టులు, మూడు కలిపి ఒక్కటే మాటగ అడగాలె.

హైదరాబాద్‌ల 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచిన్రు. పైన సోలార్ పలకల కప్పు, కింద మూడు లేన్లు. మంచి పని. గానీ అక్కడికి కార్ల సైకిల్ ఏసుకొని వచ్చి తొక్కేటోళ్ళు చానా మంది. తొక్కకపోతే పూట గడవనోళ్ళు మన ఊర్లల్ల ఉన్నరు, రోడ్డు పక్కన మూడు అడుగుల మొరం గట్టిగ కొట్టిస్తే వాళ్ళకు అదే సైకిల్ దారి.

ఇప్పుడు అసలు మనసుల మాట చెప్తా చెల్లె. కోమలంచ దిక్కు చూడు, గాలిపూర్ దిక్కు చూడు, హైస్కూలుకు సైకిల్ తొక్కే ఆడపిల్లలు కనబడుతరు. మంచిగ తొక్కుతరు, వెనక దోస్తును కూసోపెట్టుకొని ముచ్చట పెట్టుకుంట తొక్కుతరు. పదో తరగతి అయినంక ఆ సైకిల్ ఎక్కడ పోతది? తమ్మునికి పోతది, లేకుంటే గోడకు ఆని తుప్పు పట్టుతది. పెండ్లయిన ఆడది సైకిల్ తొక్కుడు మన దిక్కు ఎంత మంది చూసిన్రు? చేతులకు, కాళ్ళకు వచ్చిన విద్యను పదహారేండ్లకు గుంజుకుంటున్నరు మన దగ్గర నుంచి.

ఆడపిల్లకు సైకిల్ ఇస్తే ఏమయితదో దేశం ముందుగాలనే చూసింది. బీహార్‌ల 2006ల తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి 2,000 రూపాయలు ఇచ్చుడు మొదలైంది. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాని మీద పరిశోధన చేసి 2017ల అచ్చేసిన్రు. వయసుకు తగ్గట్టు హైస్కూల్ల చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగిన్రు, మగపిల్లలకు ఆడపిల్లలకు ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్ల కంటే దూరమున్న ఊర్లల్లనే ఎక్కువ మేలు కనబడింది. ఆంధ్రప్రదేశ్‌ల కూడ బడికొస్తా అని పేరు పెట్టి హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చిన్రు. ఈ పథకాలు బడి గేటు కాడనే ఆగిపోతున్నయి, నా బాధ అదే.

పెద్ద ఆడోళ్ళ ముచ్చట అయితే తమిళనాడు పుదుక్కోట్టై చెప్పాలె. 1990ల మొదట్ల అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు కలెక్టర్ షీలా రాణి చుంకత్ చదువుతోపాటు సైకిల్ నేర్పుడును కూడ దాంట్ల కలిపింది. లక్షమందికి పైగ పల్లె ఆడోళ్ళు నేర్చుకున్నరు. కూలికి పోయేటోళ్ళు, క్వారీల రాళ్ళు కొట్టేటోళ్ళు, అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే జెంట్స్ సైకిళ్ళే తొక్కిన్రు, నడిమి కడ్డీ మీద పిల్లను కూసోపెట్టుకోవచ్చని కొందరికి అదే నచ్చింది. పి. సాయినాథ్ ఆ ముచ్చట రాసిండు.  అక్కడ అయింది ఇక్కడ కాదా?

ఒంటి సంగతి కూడ తెరిచి మాట్లాడుకుందాం. పెండ్లి కాని పిల్ల సైకిల్ తొక్కొద్దని కొందరు ముసలమ్మలు ఏదేదో చెప్తరు. ఆ మాటకు శాస్త్రం లేదు, కన్యత్వం అన్నది సైకిల్ సీటుతోని పోయేది కాదు. నెలసరి రోజులల్ల నీకు ఓపిక ఉంటే తొక్కు, లేకుంటే బస్సు ఉండనే ఉన్నది. సీటు మాత్రం మనకు తగ్గది పెట్టించుకోవాలె. ఆడోళ్ళ కూసునే ఎముకల నడుమ దూరం ఎక్కువ, కొంచెం వెడల్పు సీటు కావాలె. మరీ మెత్తటిది కొనకు, దూరం పోతే అదే ఒరుసుకుంటది. సీటు ముక్కు కొంచెం కూడ పైకి లేవొద్దు. ఎత్తు తక్కువున్నోళ్ళకు 26 అంగుళాల చక్రాల సైకిల్ చేతికి వస్తది, రెండు కాళ్ళ నడుమ కడ్డీ తాకకుండ నిలబడగలగాలె.

చీర మీద కూడ తొక్కొచ్చు, చైన్‌కు పూర్తి కవరు ఉంటే. పంజాబీ డ్రెస్ అయితే కుడి కాలు ప్యాంటుకు పిన్నో రబ్బరు బ్యాండో పెట్టు. చున్నీని మాత్రం ఊరికే వదలకు, నడుముకు కట్టుకో. వెనక చక్రంల పడిందంటే బ్రేకు పట్టుకునే టైం కూడ ఇయ్యదు.

మా ఇంట్ల మొదట్ల ఎవ్వరు మెచ్చుకోలేదు. ఈ వయసుల సైకిలేంది, నలుగురు ఏమనుకుంటరు అన్నరు. మా అత్తమ్మ అయితే చానా రోజులు నేను సైకిల్ తీస్తుంటే ఇంట్లకు పోయేది. తర్వాత ఒక వానల నేను బాన్సువాడ నుంచి ఆమె బీపీ గోళీలు పట్టుకొని టైముకు వచ్చినంక, నేను రాకముందే గేటు తీసి పెట్టుడు మొదలుపెట్టింది. ఇప్పుడు పొద్దున టైర్ల గాలి చూడమని ఆమెనే యాద్ చేస్తది. మనుషులు మారుతరు చెల్లె, కొంచెం టైం ఇయ్యాలె, అంతవరకు నువ్వు తొక్కుడు ఆపొద్దు.

నీ మేనకోడలు సైకిల్ ఇంట్లనే ఉన్నదన్నవ్ కదా, తుప్పు పట్టి. దాన్ని పారెయ్యకు. రబ్బర్లు, వైర్లు, టైర్లు మార్పించి, చక్రాల అవుటు తీయించి నేర్చుకోవడానికి అది చాలు. ముందు పెడల్స్ రెండు ఊడతీయించు, సీటు కిందికి దించు, రెండు కాళ్ళు నేలకు ఆనాలె. కాళ్ళతోని నేలను తోసుకుంట ముందు నిలదొక్కుకొనుడు నేర్చుకో, బ్రేకు పట్టి ఆగుడు నేర్చుకో. ఆగుడు వచ్చినంకనే పెడల్స్ పెట్టుకుందాం. పెద్దయినంక నేర్చుకునేటోళ్ళకు ఇది నిమ్మలమైన దారి, ఎవ్వరు వెనక పట్టుకొని ఉరకాల్సిన పని లేదు. ఐతారం పొద్దుగాల ఎండ ఎక్కకముందు మా ఇంటి కాడికి రా. బూట్లు ఏసుకో, చెప్పులు వద్దు. కాలువ కట్ట మీద ట్రాక్టర్లు తిరగని జాగ నేను చూసి పెట్టిన. నీ తోటికోడలికి కూడ ఆశ ఉన్నదని విన్న, ఆమెను కూడ తీస్కరా, సైకిల్ ఒక్కటే ఉన్నా ఒకరి తర్వాత ఒకరు తొక్కుతరు.